మా పెరటి ఆటవేదిక

గత సంవత్సరము మే నెలలో నొక సాయంకాలము మా అమ్మాయి షటిలు కొట్టుటకై వెనుకకు గెంతగా, కాలిక్రింది పలక ఫెళ్లున విరిగి, కుడికాలు మోకాలివరకు ఆటవేదికలో దిగబడినది. ఎముక విరుగలేదు. పిక్క జేనెడు పొడవున గీరుకొనిపోయినది. మడమ బెణికి పిల్ల మూడు వారములు కుంటినది. కట్టు కట్టుచున్నంతసేపును మా మనస్సును బాధించిన సంగతి యొక్కటే. ఆ పలకకు అంతకు ముందు సంవత్సరమే కూలి యిచ్చి రంగు వేయించితిమి. పైకి నిగనిగలాడుచున్నది. లోపల పిండియై యున్నది.

ఆ వేదికను తిరిగి నిలబెట్టుకొనుటకు మేము పడిన శ్రమయు, అందువలన నేర్చుకొన్న సంగతులును సోదరీమణులకు తెలుపవలెనని యీ వ్యాసము వ్రాయుచున్నాము. అందరి పెరళ్లలోను ఆటవేదికలు ఉండవు. కాని ఆరుబయట చెక్కతో చేసిన వస్తువు, అది యుయ్యాల గానిండు, మెట్లు గానిండు, మేడమీది చెక్కనేల గానిండు, లేని యిల్లు అరుదు. చెక్క చెడు తీరు అన్నిట నొక్కటియే.

మేము అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రమున కాపురమున్నాము. మేము కొన్న పాత యింటి వెనుక 60 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు గల చెక్కవేదిక యొకటి యుండెను. నేలకు రెండడుగుల ఎత్తున కాంక్రీటు దిమ్మలపై దూలములు, దూలములపై అడ్డపట్టెలు, వాటిపై పలకలు. చుట్టును 12 అడుగుల ఎత్తున తీగవల. మొదట చూచినపుడు ఇది కోళ్లగూడా, నాటకరంగమా యని నవ్వుకొంటిమి. తరువాత విచారింపగా దాని చరిత్ర తెలిసినది.

1928వ సంవత్సరమున న్యూయార్కు నగరమునకు సమీపముననున్న స్కార్స్‌డేలు అను ఊరిలో జేమ్స్ కాగ్స్‌వెల్, ఫెసెండెన్ బ్లాంచర్డ్ అను ఇద్దరు మిత్రులుండిరి. ఆ ప్రాంతమున చలికాలము వచ్చినదా, నేల గడ్డకట్టును. మంచు కరగినదా, అంతయు బురదయగును. ఆరుబయట ఆడుకొనుటకు చోటుండదు. ఆ యిబ్బంది తీరుటకై వారు కాగ్స్‌వెల్ గారి స్థలములో నేలకంటె నెత్తుగా నొక చెక్కవేదికను కట్టుకొనిరి. మంచు పడినను చిమ్మివేసిన వెంటనే ఆడవచ్చును. బంతి పోయి పొదలలో పడుచుండుటచే చుట్టును కోళ్లదడివంటి తీగవల కట్టిరి. నేలనొకమారు తాకి తీగకు తగిలి వచ్చిన బంతిని గూడ కొట్టవచ్చునను నియమము ఆ వలవలననే పుట్టినది. ఈ యాటకు ‘ప్లాట్‌ఫారం టెన్నిసు’ అని పేరు. వాడుకలో ‘పాడిల్’ అందురు. పొట్టిపిడి గల చిల్లుల చెక్కతో మెత్తని రబ్బరు బంతిని కొట్టుదురు. 1934లో ఈ యాటకొక సంఘము గూడ ఏర్పడినది. 1970 ప్రాంతములనుండి క్లబ్బులవారు చెక్కకు మారుగా అల్యూమినియము వేదికలను కట్టనారంభించిరి. మా యింటిది పాత పద్ధతిది. 1976లో కట్టినట్లును, 1990 తరువాత కొంత భాగమునకు క్రొత్త కర్ర వేసినట్లును పాత యజమానులు విడిచిన కాగితములలో నున్నది.

ఇందులో మన తెలుగువారికి సంతోషము కలిగించు విశేషమొకటి కలదు. ఈ యాటకు గీతలు గీయు భాగము 44 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు. బ్యాడ్మింటనులో నిద్దరిద్దరు జట్టుగా నాడు స్థలమును సరిగా నంతయే. గోపీచందు 2001లో ఆల్ ఇంగ్లండు పోటీని గెలిచిన నాటినుండియు, సింధు 2016లో రియో ఒలింపిక్సున వెండి పతకమును, 2019లో ప్రపంచ విజేతృత్వమును సంపాదించిన నాటినుండియు తెలుగింట షటిలుబ్యాటు లేని గోడ యున్నదా? మేము వల కొంచెము ఎత్తుగా కట్టుకొని, పచ్చరంగుపై తెల్లగీతలు కలిపి గీచి, గాలిలేని సాయంకాలములందు వేసవిలో బ్యాడ్మింటనును, చలికాలమున పాడిలును ఆడుకొనుచుంటిమి.

‘ఆడుకొనుచుంటిమి’ అను మాట చిన్నది. దాని విలువ వేదిక మూతపడిన దినముననే తెలిసినది. మా వీథిలోని ఆడపిల్లలు ఏడెనిమిదిమంది ప్రతి సాయంకాలమును అచ్చట చేరుచుండిరి. వారిలో బడిజట్టుకు ఎన్నికైనవారు ఒక్కరో యిద్దరో. తక్కిన వారికి జట్టులో చోటులేదు. ఆడవలెనన్న కోరిక మాత్రము కలదు. పండ్రెండు, పదుమూడేండ్లు వచ్చుసరికి ఆడపిల్ల ఆటస్థలమును విడిచి గదిలోనికి పోవుట ఏ దేశమందైనను జరుగుచున్నదే. అట్లు పోకుండ పట్టియుంచినది ఈ పలకలే. మా సంగతి చెప్పుకొన్నను సిగ్గులేదు. నలువదియవ యేట మొదటిసారి బ్యాటు పట్టినది మేమును అచ్చటనే.

అమ్మాయి పడిన మరునాడు మావారు నిశ్చయముగా చెప్పిరి. “పిల్లల కాళ్లు విరగ్గొట్టే ఆట మనకెందుకు? పీకించేసి గడ్డి వేయిద్దాం. ఆ కర్ర చలికాలమంతా పొయ్యిలోకి వస్తుంది.” వారి మాటలో తప్పు లేదు. తండ్రి భయమది. అమ్మాయి మాత్రము ఏమియు ననక, కట్టుకట్టిన కాలిని కుర్చీపై చాచుకొని కిటికీలోనుండి వేదికవైపే చూచుచు కూర్చున్నది.

అప్పుడు మా అత్తగారు ఆరునెలలు మాయొద్ద నుండుటకు రాజమహేంద్రవరము దాపునుండి వచ్చియుండిరి. వారి పుట్టినింటివారు కలపవ్యాపారులు. కర్ర నాణ్యమును చూచుట వారికి ఉగ్గుపాలతో పెట్టిన విద్య. వారు చెప్పులు విప్పి, చేత చిన్నసుత్తి పట్టుకొని వేదికపైకెక్కి, సంతలో కుండను మ్రోగించి చూచునట్లు పలకకు పలకను తట్టుచు మధ్యాహ్నమంతయు తిరిగిరి. దిగివచ్చి, “ఇంతటి వేదికలో చెడ్డది పదోవంతు కూడా లేదమ్మాయ్. చెడ్డదంతా ఒక్క మూలనే ఉంది. ఆ మూలకేం జబ్బో చూడు,” అనిరి.

“వాన పడుతూనే ఉంటుంది కదా, అత్తయ్యగారూ, ఒక్క మూలే ఎందుకు చెడింది?” అని మేమడిగితిమి.

“వాన చెక్కని చంపదు. నిలవనీరు చంపుతుంది. మా పుట్టింటి వీధితలుపు ఎనభై ఏళ్లు ఎండలో ఎండి వానలో తడిసింది. చెక్కుచెదరలేదు. నూతిపళ్లెం దగ్గర తడినేల మీద వదిలేసిన పీట రెండేళ్లకే మెత్తబడిపోయింది. రెండూ ఒక్క చెట్టు కర్రే.”

ఈ మాటలో నున్న సత్యమును శాస్త్రజ్ఞులును చెప్పుచున్నారు. కర్రను కుళ్లజేయునది నీరు కాదు, నీటిని ఆశ్రయించి పెరుగు బూజుజాతి. కర్ర బరువులో నీటిపాలు నూటికి ఇరువదికి లోపుగా నున్నంతకాలము ఆ బూజు పెరుగజాలదు. ముప్పదికి చేరి యట్లే నిలిచినచో కర్రను తినివేయును. తడిసిన కర్ర గాలి తగిలి ఆరిపోయినచో భయములేదు. ఆరుటకు త్రోవలేనిచోటనే ప్రమాదము.

మూలకు పోయి చూడగా కారణములు మూడు కనబడినవి. కారుకొట్టము చూరునుండి దిగు నీటిగొట్టము సరిగా ఆ మూలనే విడువబడి యున్నది. పలకల నడుమ నీరు జారుటకు విడిచిన సందులు ఏండ్ల తరబడి రాలిన ఆకులతో పూడిపోయినవి. వేదిక క్రింద గాలి యాడవలసిన చోట మేమే తోటపనిలో త్రవ్విన మన్నును కుప్పపోసి యుంటిమి. వీటికి తోడు రంగు వేసిన మనుష్యుడు తడియారని పలకపై దట్టముగా పూసి సందులను గూడ మూసివేసినాడు. లోపలి తడి వెలికి రాలేదు. మేము డబ్బిచ్చి కొనుక్కొన్న మెరుపే కుళ్లును కప్పిపెట్టినది. తప్పు అతనిది కొంత. చూడక సొమ్మిచ్చిన మాది కొంత.

కారణము తెలిసినది గనుక బాగుచేయవచ్చునని మావారిని ఒప్పించితిమి. అయినను వారు, “పీకిన పలకలైనా పొయ్యిలో వేద్దాం,” అనిరి. అమ్మాయి కట్టు మార్పించుటకు పోయినపుడు దారిలో పురపాలక సంఘమువారి చెత్తశాఖలో విచారించితిమి. వారి ప్రశ్న విని గుండె జల్లుమన్నది. “కర్ర లోపల ఆకుపచ్చ ఛాయ ఉన్నదా?”

ఉన్నది. పూర్వము ఆరుబయట వాడు కర్రకు చెదలు, కుళ్లు పట్టకుండ రాగి, క్రోమియము, ఆర్సెనిక్కు కలిపిన మందును యంత్రముతో లోనికి ఎక్కించెడివారు. ఆర్సెనిక్కు అనగా మనవారు పాషాణమనునదే. 2003వ సంవత్సరాంతముతో నిండ్లకు వాడు కర్రకు ఈ మందును పట్టించుట అమెరికాలో మానుకొనిరి. కాని యంతకు పూర్వపు కర్ర పెరళ్లలో నింకను నిలిచియున్నది. దానిపై నడచిన మాత్రమున ప్రాణాపాయములేదు. కాల్చినచో మాత్రము విషము పొగలోను, బూడిదలోను చేరును. ఆ బూడిదను మేము మొక్కలకు వేయుటయు, అంట్లు తోముటయు తలచుకొన్నచో నేటికిని ఒడలు జలదరించును. ఇట్టి కర్రను పొయ్యిలో పెట్టరాదు, పొడిగా గీకి దుమ్ము లేపరాదు, కోయునపుడు ముక్కునకు తగిన ముసుగు, చేతికి తొడుగు లేక కోయరాదు. పొట్టును గుడ్డపరచి ఎత్తి, ఊరివారు చెప్పిన చోటనే పారవేయవలెను.

రంగు సంగతియు నట్టిదే. 1978కి పూర్వము అమెరికాలో ఇండ్లరంగులలో సీసము కలిపెడివారు. ఆ యేట నిషేధించిరి. మన దేశమున 2017 నవంబరు నుండి ఇంటిరంగులలో సీసము పదిలక్షల పాళ్లలో 90 పాళ్లు మించరాదను నిబంధన అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగు గల ఉయ్యాలలు, తలుపులు, తొట్లెలు మన యిండ్లలో నెన్నియో కలవు. పాతరంగును గీకించుటకు ముందు పరీక్ష చేయించుట మేలు. సీసము చిన్నపిల్లల మెదడునకు చేయు కీడు తిరిగి బాగుపడునది కాదు. మా వేదిక అడుగుపొరలలో సీసము కలదని పరీక్షలో తేలినది. అందుచే ఉప్పుకాగితముతో రుద్దు పనిని మానుకొని, రంగు ఊడుచున్న చోటులను తడిపి, నెమ్మదిగా గీకి, పెచ్చులను సంచిలో కట్టించితిమి. గట్టిగా నున్న రంగును కదల్పలేదు. చిన్నపిల్లలను ఆ దినములందు పెరటిలోనికి రానీయలేదు.

ఈ సందర్భమున మరియొక సంగతి బయటపడినది. మా అత్తగారు ప్రేమతో వేదిక ప్రక్కనే గోంగూర, చుక్కకూర చల్లియుండిరి. ఏపుగా పెరిగినది. వర్షము పడినపుడు పాతకర్రనుండి పాషాణమును, రంగుపెచ్చులనుండి సీసమును ప్రక్కనున్న మట్టిలోనికి దిగును. ఆకుకూరలకు ఆ మట్టి చింది అంటుకొనును. ఈ మాట చెప్పగా వారు క్షణమాలోచించి, తామే లేచి వెళ్లి మొక్కలన్నిటిని పెరికి సంచిలో వేసిరి. “కంటికి కనపడని విషానికి మొహమాటం లేదు,” అనిరి. తరువాత క్రొత్త మన్ను కొని, దూరముగా తొట్లలో మరల చల్లితిమి. సోదరీమణులు తమ యిండ్ల పాత చెక్కకట్టడముల ప్రక్కను, పాతరంగు గోడల ప్రక్కను ఆకుకూరలు పెంచవలదని మా మనవి.

ఇక పనిని గూర్చి చెప్పెదము.

పరీక్ష: నాలుగైదు దినములు వాన లేకుండ ఎండ కాసిన పిమ్మట పని మొదలిడితిమి. సుత్తితో తట్టినపుడు మంచి పలక కంగుమనును. చెడినది డొల్లగా పలుకును. అనుమానము గల చోట స్క్రూడ్రైవరు మొనతో గ్రుచ్చి పైకి లేపితిమి. మంచి కర్ర పొడుగైన పేడుగా లేచును. చెడినది బెల్లపుముక్కవలె పుటుక్కున విరుగును. పలకల కొసలు, మేకుల చుట్టు, రెండు పలకలు కలియు చోట్లు, ఈ మూడింటను ముఖ్యముగా చూడవలెను. తరువాత దీపము పట్టుకొని వేదిక క్రిందికి ప్రాకి, అడ్డపట్టెలను, దూలములను గూడ నిట్లే పరీక్షించితిమి. పైపలక చెడినచో కాలు దిగబడును. క్రిందిదూలము చెడినచో వేదికయే దిగబడును. చెడినచోటనెల్ల సుద్దతో గురుతు పెట్టితిమి. ఇరువది మూడు పలకలు, నాలుగు అడ్డపట్టెలు లెక్కకు వచ్చినవి. దూలములును, దిమ్మలును గట్టిగా నున్నవి. అవి క్రుంగియున్నచో, లేదా అడ్డపట్టెలు సగమునకు పైగా చెడియున్నచో, మరమ్మతు మాట మాని, తెలిసిన మేస్త్రీని పిలువవలసినదే. ధైర్యము వేరు, మొండితనము వేరు.

నీటికి త్రోవ: క్రొత్త పలక కొనుటకు ముందే నీటిగొట్టమును పదిహేనడుగుల దూరమునకు మరలించితిమి. మన్నుకుప్పను తీసివేసితిమి. పాత రంపపు ముక్కతో పలకలసందులలోని ఆకుమురుగునంతను లాగివేసితిమి. ఈ పనికి ఖర్చు లేదు. నడుమునొప్పి మాత్రము కలదు. ఇది చేయక పలకలు మార్చుట కారుచున్న కప్పుక్రింద క్రొత్తచాప పరచుట వంటిది.

పలకలు, పట్టెలు: చెడిన పలకను చెడినంతమేర మాత్రమే కోసి, అరచేతివెడల్పు ముక్కను అతుకరాదు. రెండువైపులను అడ్డపట్టె నడిమివరకు కోయవలెను. క్రొత్తముక్క మూడు అడ్డపట్టెలపైనైనను ఆనవలెను. లేనిచో కాలి బరువునకు ఎగిరిపడును. చెడిన అడ్డపట్టెలో మెత్తబడిన భాగమును చెక్కివేసి, దాని ప్రక్కనే అదే లోతుగల క్రొత్తపట్టెను జోడించి మరలు గల బోల్టులతో బిగించితిమి. ముసలివాని ప్రక్కన పడుచువానిని నిలిపినట్లన్నమాట. కోసిన కొసలకు కుళ్లుపట్టని మందును రెండుపూతలు పట్టించితిమి. కొసలే నీటిని ఎక్కువ త్రాగును.

మేకులు: పాతమేకులు తలలెత్తుకొని యుండుట పిల్లల కాళ్లకు పెద్ద అపాయము. వాటిని మరల సుత్తితో కొట్టినచో నెలకే తలయెత్తును. పెరికివేసి, ఆ ప్రక్కనే మరమేకులు బిగించుట మేలు. ఈనాటి కర్రమందులలో రాగి హెచ్చుగా నుండుటచే మామూలు ఇనుము త్వరగా తుప్పుపట్టును. జింకు నీటిలో ముంచి తీసినవి గాని, స్టెయిన్‌లెస్ స్టీలువి గాని వాడవలెను. వెల ఎక్కువే. పనిదినముల లెక్కలో చూచినచో చౌక. పలకకు పలకకు నడుమ మేకుమందమున సందు విడిచితిమి.

రంగు: క్రొత్తగా మందు పట్టించిన కర్ర లోలోపల తడిగా నుండును. కొన్నివారములు ఆరనిచ్చి, దానిపై నాలుగు నీటిచుక్కలు చల్లి చూడవలెను. చుక్కలు ముత్యములవలె నిలిచినచో ఇంకను ఆగవలెను. కొద్ది నిముషములలో ఇంకిపోయినచో రంగునకు సిద్ధము. కాలు జారకుండుటకై ఈ రంగులో సన్నని గరుకుపొడి కలుపుదురు. పొడి మరీ ముతకయైనచో బూట్లును, పడినపుడు మోకాళ్లును చెడును; మరీ సన్నమైనచో మంచుతేమకు జారును. మేము చిన్నముక్కపై వేసి, ఆరిన పిమ్మట బూటుతో రుద్ది చూచి, పాళ్లు నిర్ణయించితిమి. పలుచగా రెండుపూతలు వేసితిమి. సందులలో రంగు దిగినచోటనెల్ల తడియారకమునుపే పుల్లతో తీసివేసితిమి. మందుకర్రపై పూత యెడతెగకుండ నుండినచో లోపలి పాషాణము చేతికంటుట గూడ తగ్గును. అయినను ఆడివచ్చిన పిల్లలు చేతులు కడుగుకొనకుండ ఏమియు తినరాదను నియమము మా యింట స్థిరపడినది.

తీగవల: చివరగా చుట్టుదిరిగి తెగిన తీగకొసలను లోనికి మడచి, స్తంభముల అడుగులను కదిపి చూచి, వదులైన వలను బిగించితిమి. వల అడుగున మంచును బయటికి త్రోయుటకు కీళ్లతో కట్టిన పలకలుండును. వాటి కీళ్లకు నూనె పెట్టితిమి.

పని యెనిమిది వారాంతములు పట్టినది. రంపము పట్టినది మావారు. కొలిచి గీత గీచినది మేము. మరమేకులు బిగించినది అమ్మాయియు, పొరుగింటి యిల్లాలును. అమ్మాయికి నిలువబడుటకు వీలుకాని మొదటి వారములలో బల్లకడ కూర్చుండి మరమేకులను లెక్కించి డబ్బాలలో వేసెడిది. మొదటి దినమున వంకరగా గీచిన గీతవలన రెండు పలకలు వృథా చేసితిమని గూడ ఒప్పుకొనవలెను. “రెండుసార్లు కొలువు, ఒక్కసారి కొయ్యి,” అని అత్తగారు మందలించిరి. ఆమాట మా వంటింటి గోడపై వ్రాసియుంచితిమి. అది చీరకు రవికెగుడ్డ కోయునపుడును పనికివచ్చుచున్నది.

ఆగస్టు నెలాఖరున రంగు బాగుగా ఆరిన దినమున మొదట వేదికపైకి పోయినది పిల్లలు గారు. మావారు. తాము పడినను పరవాలేదనుకొనిరి గాబోలు, మూలమూలకును పోయి మడమలతో గట్టిగా త్రొక్కిరి. ఏమియు ననక దిగివచ్చి అమ్మాయికి బ్యాటు అందించిరి. అమ్మాయి తాను పడిన చోటికే పోయి నిలువబడినది. కొంతసేపు ఆ పలకనే చూచుచుండెను. పిమ్మట సర్వీసు చేయుమని మాకు సైగ చేసినది. మూడవ దెబ్బకు వెనుకకు గెంతవలసి వచ్చినది. గెంతినది. పలక కంగుమన్నది.

బాగుచేయుట ఒకనాటి పని. బాగుగా నుంచుట ఏటేటి పని. ఆకులు రాలు కాలమున వారమునకొకసారి ఊడ్చుట, మంచును ఇనుపపారతో గాక ప్లాస్టిక్కు పారతో తీయుట, మంచు కరుగుటకు ఉప్పు చల్లకుండుట (ఉప్పు మేకులను తినివేయును), వసంతకాలమున సుత్తితో పలకలన్నిటిని తట్టి చూచుట, పూత అరగిన చోట వెంటనే వేయుట. మన దేశమున మంచు లేదు గాని, దానికి బదులు వానకాలము కలదు, చెదలు కలదు. చెక్కమెట్లు, ఉయ్యాలస్తంభములు గలవారు తొలకరికి ముందొకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట నొకసారి ఇట్లే తట్టి, గ్రుచ్చి చూడవచ్చును. కర్ర మన్నును తాకకుండ రాతిపై నిలుపుట, మట్టిబాటలు కట్టిన చెదలను వెంటనే దులిపి మందు వేయించుట మరువరాదు. చూచుటకు అరగంట పట్టును. చూడకపోయినచో ఏమగునో పైన వ్రాసితిమి.

మా అత్తగారు నవంబరులో స్వదేశమునకు వెళ్లిరి. ప్రతి ఆదివారమును టెలిఫోనులో మాటలాడుదురు. మా ఆరోగ్యము అడుగుదురు, మనుమరాలి చదువు అడుగుదురు. కాని మొదటి ప్రశ్న మాత్రము ఎన్నడును మారలేదు.

“సందుల్లో ఆకులు తీశారా, అమ్మాయ్?”